ఆ పిల్లోణ్ణి ఇచ్చెయ్యాలా, ఉంచుకోవాలా

జూలై నెలాఖరు దగ్గర పడితే చాలు, మా బావకూ నాకూ వాట్సాప్‌లో వాదన మొదలవుతుంది. అక్కా బావా చికాగో దగ్గర ఉంటారు, నేను ఇక్కడ అనంతపురంలో. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడానికి ఆ సీజన్ గడువు ముగిసేది అప్పుడే. న్యూయార్క్ టైము ప్రకారం సాయంత్రం ఆరింటికి తలుపు మూసేస్తే మనకు తెల్లవారుజామున మూడున్నర, నేను అలారం పెట్టుకుని మరీ లేస్తాను. ఆ చివరి గంటలో ఎవరో పద్దెనిమిదేళ్ల పిల్లోడు ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు పోతాడు, ఆ రోజు వార్తల్లో వాడి పేరు ఆఖరి లైన్లో ఉంటుంది, పదేళ్ల తర్వాత మాత్రం అదే పేరు మొదటి లైన్లోకి వచ్చి కూర్చుంటుంది.

బావది ఎప్పుడూ ఒకటే మాట. "కప్పు కొట్టే ఛాన్స్ ఉన్నప్పుడు పిల్లల్ని దాచిపెట్టుకుని ఏం చేసుకుంటారు?" అంటాడు. నాది వేరే పట్టుదల. ఇవ్వొద్దని నేను అనను. ఎవర్ని, ఎన్నాళ్ల కోసం, ఎవరికి బదులుగా ఇస్తున్నామన్నది తేలకుండా ఇవ్వొద్దంటాను. ఇంకో మాట కూడా ఉంది, అదే అసలైనది: పేరు మోసిన కుర్రాణ్ణి ఇచ్చేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు, నష్టపోయేది ఎక్కువగా ఎవరికీ పేరు తెలియని పిల్లోణ్ణి "పోనీలే, వీణ్ణి కూడా వేసుకో" అని ఇచ్చినప్పుడే.

కొత్తగా చదివేవాళ్ల కోసం కొంచెం వివరం చెప్తాను. ఒక్కో మేజర్ లీగ్ జట్టు కింద నాలుగు మెట్లు మైనర్ లీగ్ జట్లుంటాయి, వాటికింద ఇంకా చిన్న పిల్లల జట్లు. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా లాంటి చోట్ల పదహారేళ్లకే సంతకం చేయించుకుంటారు, అమెరికా పిల్లల్ని స్కూలో కాలేజో అయ్యాక, జట్లు వంతుల వారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తీసుకుంటారు. ఇలా కింద పెరుగుతున్న వాళ్లలో పైకొస్తాడని నమ్మకమున్న వాణ్ణే ప్రాస్పెక్ట్ అంటారు. వాడు పైకి వచ్చాక ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆ జట్టు చేతిలోనే ఉంటాడు, మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే. 2025లో ఆ కనీస జీతం 7,60,000 డాలర్లు. మనకది కోట్ల లెక్కే, కానీ అదే జట్టులో పక్కన నిలబడే స్టార్ ఏడాదికి 3 కోట్ల డాలర్లు తీసుకుంటూ ఉంటాడు. అంటే బాగా ఆడే ఒక కుర్రాడు దొరికితే జట్టుకు ఆరేళ్ల ఆట చవగ్గా దొరికినట్టు, మిగిలిన డబ్బు ఇంకొకరి మీద పెట్టుకోవచ్చు. మన ఐపీఎల్‌లో ఈ బాధ ఇంతగా ఉండదు, ఎందుకంటే మెగా వేలం వస్తే పెంచుకున్న వాళ్లలో చాలామందిని ఎలాగూ వదులుకోవాలి. అక్కడ అలా కాదు, ఇచ్చినవాడు ఎన్నేళ్లు ఆడితే అన్నేళ్లూ కళ్లముందే ఇంకొకరికి ఆడుతుంటాడు.

ఇలాంటి చర్చ ఎక్కడ మొదలైనా ముందుగా వచ్చే పేరు జాన్ స్మోల్ట్జ్. 1987 ఆగస్టులో (అప్పట్లో ఆగస్టులోనూ ట్రేడ్‌లు, అంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు, జరిగేవి) డెట్రాయిట్ టైగర్స్ జట్టు టొరంటోతో నువ్వా నేనా అని పోటీ పడుతోంది, ఒక మంచి పిచర్ అర్జెంటుగా కావాలి. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు, మ్యాచ్ గెలుపోటములు అతని పేరు మీదే రాస్తారు. అట్లాంటా జట్టు దగ్గర డాయిల్ అలెగ్జాండర్ ఉన్నాడు, వయసు 36. అతనికి బదులుగా డెట్రాయిట్ ఇచ్చింది ఇరవయ్యేళ్ల స్మోల్ట్జ్‌ని. అతనూ పిచరే, డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రం పిల్లోడే, డెట్రాయిట్ జట్టును చూస్తూ పెరిగినవాడు, ఆ ఏడాది అప్పటికి మైనర్ లీగ్‌లో 4 గెలిచి 10 ఓడాడు. అలెగ్జాండర్ వచ్చాక 9 మ్యాచ్‌లు గెలిచాడు, ఒక్కటి కూడా ఓడలేదు. 9 ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు 1.53. డెట్రాయిట్ తన డివిజన్ (గ్రూపు) గెలిచింది, కానీ ప్లేఆఫ్స్‌లో మిన్నెసోటా చేతిలో ఓడిపోయింది, అలెగ్జాండర్ ఆడిన రెండు మ్యాచ్‌లూ పోయాయి. ఇంకో రెండేళ్లకు అతను రిటైరయ్యాడు. స్మోల్ట్జ్ 213 మ్యాచ్‌లు గెలిచి, 154 మ్యాచ్‌లు ఆఖర్లో కాపాడి, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు.

దీన్ని అందరూ చెత్త ట్రేడ్ అంటారు. నేను అనను. ఆ తొమ్మిది గెలుపులు లేకపోతే డెట్రాయిట్ అసలు ప్లేఆఫ్స్‌కే వచ్చేది కాదు, టొరంటో కన్నా రెండంటే రెండు మ్యాచ్‌లు ముందుంది అంతే. అడిగింది దొరికింది, దాని ఖరీదు మాత్రం ఎవరూ ఊహించనంత పెద్దదైంది.

నిజంగా ఒళ్లు మండే ట్రేడ్ ఏదంటే జెఫ్ బాగ్‌వెల్‌ది. 1990 ఆగస్టు 30న బోస్టన్ రెడ్ సాక్స్ ఇతన్ని హ్యూస్టన్‌కు ఇచ్చి లారీ ఆండర్సన్ అనే రిలీఫ్ పిచర్‌ని (మొదటి పిచర్ తర్వాత మ్యాచ్ మధ్యలో వచ్చి కాసేపే వేసేవాణ్ణి) తెచ్చుకుంది. ఆండర్సన్ బోస్టన్‌కు ఆ సీజన్లో వేసింది 22 ఇన్నింగ్స్. బాగానే వేశాడు, అతని తప్పేం లేదు. ప్లేఆఫ్స్‌లో ఓక్లాండ్ నాలుగుకు నాలుగూ గెలిచి బోస్టన్‌ను ఇంటికి పంపింది, ఆండర్సన్ వేరే జట్టుకు వెళ్లిపోయాడు. బాగ్‌వెల్ 1991లో ఉత్తమ కొత్త ఆటగాడు, 1994లో లీగ్ ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు), మొత్తం 449 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి), అన్నీ హ్యూస్టన్‌కే. బోస్టన్ వైపు వాళ్లు చెప్పే సమాధానం ఏంటంటే, బాగ్‌వెల్ ఫీల్డింగ్‌లో నిలబడే చోటు థర్డ్ బేస్, అక్కడ అప్పటికే వేడ్ బాగ్స్ ఉన్నాడు, ఈ పిల్లోడికి చోటెక్కడిది అని. ఈ మాట వింటే నాకు ఎక్కడలేని కోపం వస్తుంది. హ్యూస్టన్‌కు కూడా థర్డ్ బేస్‌లో కెన్ కామినిటీ ఉన్నాడు కదా! వాళ్లేం చేశారు, బాగ్‌వెల్‌ని ఫస్ట్ బేస్‌కు మార్చారు, అయిపోయింది. బ్యాట్ ఆడేవాడికి చోటు వెతకొచ్చు, చోటు లేదని బ్యాట్ ఆడేవాణ్ణి వదులుకుంటే మళ్లీ దొరకడు. నేను స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడేటప్పుడు మా పీఈటీ సార్ కొత్తగా వచ్చిన పిల్లని ఏ చోట నిలబెట్టాలో తర్వాత చూసేవారు, ముందు బంతి మీద బ్యాట్ తగిలిన చప్పుడు వినేవారు. కళ్లు అటు తిప్పకుండా, స్కోరు బుక్కులో ఏదో రాసుకుంటూనే, చప్పుడుతోనే చెప్పేసేవారు ఈ పిల్ల ఆడుతుందని.

సరే, ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన జంట ఉదాహరణకు వస్తాను. జేమ్స్ షీల్డ్స్ అనే పిచర్. ఈ ఒక్క మనిషి కోసం మూడున్నరేళ్ల తేడాతో రెండు జట్లు పిల్లల్ని ఇచ్చాయి, ఒక జట్టు చేసింది ఒప్పు, ఇంకొకటి చేసింది తప్పు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం సగం అర్థమైపోతుంది.

మొదటిది 2012 డిసెంబర్. కాన్సాస్ సిటీ రాయల్స్ 1985 తర్వాత ప్లేఆఫ్స్ మొహం చూడని జట్టు. వాళ్ల దగ్గర విల్ మైయర్స్ అని ఆ ఏడాది మైనర్ లీగ్‌లు మొత్తంలో అందరి నోటా నానిన కుర్రాడున్నాడు. అతన్నీ, జేక్ ఒడరిజీ అనే మంచి పిచర్‌నీ, ఇంకో ఇద్దర్నీ ఇచ్చి టాంపా బే నుంచి షీల్డ్స్‌నీ, వేడ్ డేవిస్ అనే ఇంకో పిచర్‌నీ తెచ్చుకున్నారు. అప్పుడు రాయల్స్ మేనేజ్‌మెంట్‌ను తిట్టని వాళ్లు లేరు. మైయర్స్ మరుసటి ఏడాదే తన లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు కూడా, తిట్టేవాళ్లకు ఇంకా బలం దొరికింది. కానీ చూడండి, షీల్డ్స్ వచ్చింది రెండు పూర్తి సీజన్ల కోసం, రెండు నెలల కోసం కాదు. రాయల్స్ పెంచుకున్న కుర్రాళ్లు హోస్మర్, ముస్టాకస్, సాల్వడార్ పెరెజ్ అప్పటికే పైకి వచ్చేశారు, వాళ్లను ముట్టుకోలేదు. బ్యాటింగ్ ఉంది, పిచింగ్ లేదు, ఉన్నదాంట్లోంచి కొంత ఇచ్చి లేనిది తెచ్చుకున్నారు. 2014లో వరల్డ్ సిరీస్ (కప్పు కోసం ఆడే ఫైనల్) ఏడో మ్యాచ్ దాకా వెళ్లి ఓడారు, 2015లో గెలిచారు. అప్పటికి షీల్డ్స్ వెళ్లిపోయాడు, 2015 ఆఖరి మ్యాచ్‌లో ఆఖరి బంతి వేసింది మాత్రం అతనితో పాటు వచ్చిన వేడ్ డేవిస్.

ఇంకో సంగతి, ఇదే రాయల్స్ 2010 డిసెంబర్లో తమ పెద్ద పిచర్ జాక్ గ్రింకీని మిల్వాకీకి ఇచ్చి లొరెంజో కెయిన్, అల్సీడెస్ ఎస్కొబార్ లాంటి కుర్రాళ్లను తెచ్చుకున్నారు, ఆ ట్రేడ్‌లోనే ఒడరిజీ కూడా వచ్చాడు. ఓడిపోయే రోజుల్లో స్టార్‌ని ఇచ్చి పిల్లల్ని తీసుకోవడం, గెలిచే రోజులు దగ్గరపడ్డాక పిల్లల్ని ఇచ్చి స్టార్‌ని తీసుకోవడం, రెండూ చేసింది ఒకే ఆఫీసు. మనం ఎక్కడ నిలబడి ఉన్నామో మనకు నిజంగా తెలిసుండటం అంటే ఇదే.

రెండోది 2016 జూన్. చికాగో వైట్ సాక్స్, మా బావ జట్టు. సీజన్ బాగా మొదలుపెట్టి అప్పటికే జారిపోతున్నారు. శాన్ డియేగో నుంచి అదే షీల్డ్స్‌ని తెచ్చుకున్నారు, ఇప్పుడు వయసు 34, చేతిలో పెద్ద కాంట్రాక్టు. షీల్డ్స్ ఆ ఏడాది వాళ్లకు 4 గెలిచి 12 ఓడాడు. బదులుగా ఇచ్చింది ఎరిక్ జాన్సన్ అనే పిచర్‌నీ, ఇంకా అమెరికాలో ఒక్క ప్రొఫెషనల్ మ్యాచ్ కూడా ఆడని పదిహేడేళ్ల పిల్లోణ్ణీ. ఆ పిల్లోడి పేరు ఫెర్నాండో తటిస్ జూనియర్. 2021లో 42 హోమ్ రన్లు కొట్టి నేషనల్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు, అదే ఏడాది శాన్ డియేగో అతనితో 14 ఏళ్లకు 34 కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసుకుంది.

బావ ఈ పేరెత్తితే ఫోన్ పెట్టేస్తాడు. కానీ నేను అడిగేది ఒకటే. శాన్ డియేగో వాళ్లు ఆ పిల్లోణ్ణి పేరుపెట్టి మరీ అడిగారంటే వాళ్ల స్కౌట్లు ఏదో చూసే ఉంటారు కదా? లిస్టుల్లో లేని పిల్లోణ్ణి ఎదుటివాళ్లు ఏరి కోరి అడిగినప్పుడు, అది చాలు, ఇవ్వకుండా ఆగి మళ్లీ ఒకసారి వెళ్లి చూడటానికి. 2016లోనే, రెండు నెలలు తిరక్కుండా, డాడ్జర్స్ కూడా ఇదే పని చేశారు. క్యూబా నుంచి వచ్చిన యోర్డాన్ అల్వారెజ్‌తో అప్పుడే సంతకం చేయించుకుని, తమ కోసం ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండా హ్యూస్టన్‌కు ఇచ్చి జోష్ ఫీల్డ్స్ అనే రిలీఫ్ పిచర్‌ని తెచ్చుకున్నారు. అల్వారెజ్ 2019లో ఉత్తమ కొత్త ఆటగాడు, 2022 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో హ్యూస్టన్‌ను గెలిపించిన హోమ్ రన్ అతనిదే. డాడ్జర్స్ అంటే పిల్లల్ని పెంచడంలో అందరికన్నా మిన్న అని పేరున్న జట్టు, వాళ్లకే ఇలా జరిగిందంటే మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది.

అంతెందుకు, 2024 సెప్టెంబర్లో మన అనంతపురం ఆర్డీటీ గ్రౌండ్‌లో దులీప్ ట్రోఫీ జరిగినప్పుడు మొదటి మ్యాచ్‌కు వెళ్లిన వాళ్లకు తెలుసు. ఇండియా సి, ఇండియా డి ఆడాయి. జనం వచ్చింది శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్‌ల కోసం, వాళ్లు బౌండరీ దగ్గరికి వస్తే చాలు ఫోన్లన్నీ పైకి లేచేవి. ఆ మ్యాచ్‌ను తిప్పేసింది మానవ్ సుతార్ అని రాజస్థాన్ కుర్రాడు, ఎడమచేతి స్పిన్నర్, రెండో ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకాయన ఓవర్ ఓవర్‌కీ "ఎవరప్పా ఈ పిల్లోడు?" అని అడుగుతూనే ఉన్నాడు, ఎవరూ చెప్పలేకపోయారు. పేరు తెలియకపోవడానికీ ఆట లేకపోవడానికీ సంబంధం లేదు, గ్రౌండ్‌లో కూర్చుని చూసేవాడికి అది కనిపిస్తుంది, లిస్టు చూసేవాడికి కనిపించదు.

ఇంత చెప్పానని దాచుకోవడమే తెలివనుకోకండి. మా ఇంట్లో వేరుశనగ విత్తనానికని పక్కనపెట్టిన మూటను నాన్న ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, కానీ అదే మూట సీజన్ దాటిపోతే మొలక శాతం పడిపోతుందని ఆయనకు తెలుసు, విత్తలేకపోతే టైముకు అమ్మేసేవాడు. ప్రాస్పెక్ట్‌లకూ ఆ గడువుంది. పద్దెనిమిదేళ్లకో అంతకన్నా ముందో సంతకం చేసినవాణ్ణి సుమారు ఐదేళ్లలో, ఆ తర్వాతి వయసులో చేసినవాణ్ణి నాలుగేళ్లలో, జట్టు తన 40 మంది జాబితాలోకి ఎక్కించాలి, లేకపోతే రూల్ 5 డ్రాఫ్ట్‌లో ఇంకో జట్టు ఎత్తుకుపోవచ్చు. పిల్లలు ఎక్కువైన జట్టుకు ప్రతి నవంబర్లో ఇదే టెన్షన్. 2019 నవంబర్లో టాంపా బే ఇలాగే జాబితాలో చోటు చాలక క్రిస్టఫర్ సాంచెజ్ అనే పిచర్‌ని ఫిలడెల్ఫియాకు ఇచ్చి కర్టిస్ మీడ్ అనే ఆస్ట్రేలియా కుర్రాణ్ణి తీసుకుంది. సాంచెజ్ తర్వాత 2024లో ఆల్‌స్టార్ అయ్యాడు. అయినా టాంపా బేను నేను తప్పుపట్టను, ఊరికే పోగొట్టుకునే బదులు ఇంకా గడువున్న ఇంకో పిల్లోణ్ణి తెచ్చుకున్నారు. ఎటొచ్చీ నలభై మందిలో ఆఖరివాడు ఎవరన్నది కొంచెం ముందే తేల్చుకుని ఉంటే జూలైలోనే మంచి ధర వచ్చేది, నవంబర్లో అందరికీ తెలుసు నీకు తప్పదని.

బావ ఎప్పుడూ గెలిచే వాదన ఒకటుంది, చికాగో కబ్స్ 2016. తన జట్టు కాదు, పక్క జట్టు, అయినా చెప్తాడు. 1908 తర్వాత కప్పు లేని జట్టు, ఆ ఏడాది మిగతా అందరికన్నా బాగా ఆడుతున్న జట్టు. జూలైలో గ్లేబర్ టోరెస్ అనే గొప్ప షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) కుర్రాణ్ణీ ఇంకో ముగ్గుర్నీ న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చి అరోల్డిస్ చాప్‌మన్ అనే రిలీఫ్ పిచర్‌ని తెచ్చుకున్నారు. సీజన్ అయ్యాక చాప్‌మన్ తిరిగి యాంకీస్‌కే వెళ్లిపోయాడు, టోరెస్ 2019లో 38 హోమ్ రన్లు కొట్టాడు. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో చాప్‌మన్ వేసిన బంతినే రాజయ్ డేవిస్ హోమ్ రన్‌గా కొట్టి స్కోరు సమం చేశాడు కూడా. ఆఖరికి 10 ఇన్నింగ్స్‌లో 8-7తో కబ్స్ గెలిచింది. ఇక్కడ నేను బావతో పూర్తిగా ఒప్పుకుంటాను. 108 ఏళ్లు ఎదురుచూసిన ఊరికి "ఇంకో నాలుగేళ్లు ఆగండి, ఈ పిల్లోడు పెద్దవుతాడు" అని ఎవరు చెప్పగలరు? షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్‌లలో అప్పటికే కుర్రాళ్లున్నారు, జట్టు నిజంగా అందరికన్నా ముందుంది, లోటు ఒక్కచోటే ఉంది. ఈ మూడూ ఒకేసారి కలిసొచ్చే ఏడాది ఏ జట్టుకైనా చాలా అరుదు. చిక్కేంటంటే, ప్రతి జూలైలో ఒక ఆరేడు జట్లు తమది అలాంటి ఏడాదే అనుకుంటాయి.

పిచర్లనైతే నేను కాస్త తేలిగ్గా ఇస్తాను. మోచేతి ఆపరేషన్ చేయించుకోని పిచర్లను ఈ రోజుల్లో వెతుక్కోవాలి, పంతొమ్మిదేళ్ల పిచర్ ఇరవై నాలుగేళ్లకు ఏ చేతితో ఉంటాడో ఎవరికీ తెలియదు. 2017 ఆగస్టు 31న హ్యూస్టన్ జస్టిన్ వెర్లాండర్ అనే పెద్ద పిచర్ కోసం డెట్రాయిట్‌కు ఇచ్చిన ముగ్గురిలో పెద్ద పేరు ఫ్రాంక్లిన్ పెరెజ్, పిచర్. గాయాల మీద గాయాలతో పాపం పైకి రాలేకపోయాడు. వెర్లాండర్ ఆ ఏడాదే కప్పు తెచ్చాడు, తర్వాత 2019, 2022లలో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డులు గెలిచాడు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే శాన్ డియేగో గురించి. తటిస్‌ని అంత చక్కగా కనిపెట్టి తెచ్చుకున్న జట్టే ఇప్పుడు పిల్లల్ని ఇవ్వడంలో అందరికన్నా ముందుంది. 2022లో హువాన్ సోటో అనే బ్యాటర్ కోసం సీజే అబ్రమ్స్, మెకెంజీ గోర్, జేమ్స్ వుడ్ లాంటి వాళ్లను వాషింగ్టన్‌కు ఇచ్చారు, అది నాకు ఒప్పే. అప్పటికి సోటోకు 23 ఏళ్లు, చేతిలో రెండు సీజన్ల పైనే ఉంది, అలాంటి బ్యాట్ తరానికి ఒకటో రెండో వస్తాయి. కానీ 2025 జూలై 31న చేసింది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. లియో డి వ్రీస్, పద్దెనిమిదేళ్ల షార్ట్‌స్టాప్, కుడివైపూ ఎడమవైపూ నిలబడి బ్యాటింగ్ చేస్తాడు, తనకన్నా మూడు నాలుగేళ్లు పెద్దవాళ్లతో ఆడుతున్న పిల్లోడు. అతన్నీ ఇంకో ముగ్గుర్నీ అథ్లెటిక్స్ జట్టుకు ఇచ్చి మేసన్ మిల్లర్‌ని, జేపీ సియర్స్‌ని తీసుకున్నారు. మిల్లర్ గంటకు 100 మైళ్ల పైన విసురుతాడు, 2029 దాకా జట్టు చేతిలోనే ఉంటాడు, కాబట్టి ఆండర్సన్ లాగా 22 ఇన్నింగ్స్ బేరం కాదు, అది ఒప్పుకోవాలి. అయినా అతను రిలీఫ్ పిచర్. ఏడాదికి వేసేది 60, 70 ఇన్నింగ్స్, 2023లోనే మోచేతి నొప్పితో నెలల తరబడి ఆగిపోయిన చెయ్యి అది. షార్ట్‌స్టాప్ అయితే 162 మ్యాచ్‌ల సీజన్‌లో దాదాపు రోజూ ఆడతాడు, రోజుకు నాలుగైదుసార్లు బ్యాట్ పట్టుకుంటాడు. సియర్స్ స్థాయి పిచర్‌ని తేవడానికి డి వ్రీస్ అవసరమే లేదు, మిల్లర్ కోసం మిగతా పిల్లల్లో ఎవర్నైనా ఇద్దరు ముగ్గుర్ని ఎక్కువ ఇచ్చి ఈ ఒక్కణ్ణి ఆపుకోవాల్సింది, అందుకు వాళ్లు ఒప్పుకోకపోతే లేచి వచ్చేయాల్సింది. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.